డీజిల్ కారు, చిన్న చిన్న ట్రిప్పులు: మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో నా దగ్గర ఒక బీఎస్6 (కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైన) డీజిల్ బండి ఉంది, విజయనగరంలో నాన్నగారి దగ్గర ఒక పాత డీజిల్ సెడాన్ ఉంది. రెండూ ఎక్కువ తిరగకపోవడం వల్లే పాడయ్యాయి, నాది ఒక రకంగా, ఆయనది ఇంకో రకంగా. ఆ రెండు రిపేర్ల తర్వాత ఆఫీసులో, చుట్టాలిళ్ళలో, పెళ్ళిళ్ళలో ఎవరు కనిపించినా ఇవే డౌట్లు అడుగుతున్నారు, చెప్పిందే చెప్పాల్సి వస్తోంది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## కొనేముందు

మాది శ్రీకాకుళం టౌనే, రోజుకి ఐదారు కిలోమీటర్లు కూడా తిరగను, డీజిల్ తీసుకోవచ్చా?

వద్దండి. నెలకి రెండుసార్లు వైజాగ్ వెళ్తాం కదా అని చాలామంది డీజిల్ కొంటారు, నేనూ అలాగే కొన్నాను. కానీ ఆ రెండు రోజులు బాగా తిరిగితే సరిపోదు, మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఇంట్లోంచి ఏడు రోడ్ల జంక్షన్‌కి, అక్కడి నుంచి స్కూలుకి, సాయంత్రం అరసవల్లికి తిరిగితే ఇంజిన్ ఏ రోజూ సరిగ్గా వేడెక్కదు. పైగా పెట్రోల్ మోడల్ కన్నా డీజిల్ లక్ష రూపాయల పైనే ఎక్కువ ఉంటుంది, రోజుకి ఐదారు కిలోమీటర్లు తిరిగి ఆ లక్ష మైలేజీలో రాబట్టాలంటే బండి ముసలిదైపోతుంది. టెక్కలి, పలాస, రణస్థలం ఇలా రోజూ హైవే మీద ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాళ్ళకి మాత్రం డీజిల్‌ని మించింది లేదు. టౌన్లోనే అయితే పెట్రోల్ తీసుకోండి, ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఎలక్ట్రిక్ చూడండి, ఐదు కిలోమీటర్ల ట్రిప్పు దానికి లెక్కే కాదు.

ఇదివరకు అందరూ డీజిల్ కార్లే టౌన్లో తిప్పేవారు కదా, అప్పుడు లేని రోగం ఇప్పుడెందుకొచ్చింది?

అప్పటి బండ్లు మసిని బయటికి వదిలేసేవి, ఇప్పటివి తమలోనే పట్టి ఉంచుకుంటున్నాయి, తేడా అదే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది, దాంతో డీజిల్ కార్లకి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ తప్పనిసరి అయినట్టే. అది తేనెపట్టులాంటి సెరామిక్ దిమ్మ, సన్న సన్న గొట్టాలు ఉంటాయి, ఒకటి ఈ చివర మూసి ఉంటే పక్కది ఆ చివర మూసి ఉంటుంది, అందుకని పొగ గోడల్లోంచి వడకట్టుకుని పోవాల్సిందే, మసి లోపల ఉండిపోతుంది. ఆ మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, టౌన్ ట్రిప్పులో ఆ వేడి రాదు. ఈ ఫిల్టర్ల ఖర్చు చిన్న కార్లకి గిట్టదు కాబట్టే మారుతీ వాళ్ళు అదే 2020 ఏప్రిల్‌లో డీజిల్ మొత్తం ఆపేశారు, ఊరూరా తిరిగిన ఆ 1248 సీసీ ఇంజిన్ అక్కడితో ఆగిపోయింది.

అలాగని పాత బండ్లకి ఏ రోగమూ లేదని కాదు. ఫిల్టర్ లేకపోయినా చిన్న ట్రిప్పులకి ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టేస్తుంది, ఆయిల్లో తేమ చేరుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. కాకపోతే బిల్లు అంత భయపెట్టదు.

మన దగ్గర చలే లేదు కదా, ఇంజిన్ గబుక్కున వేడెక్కిపోదా ఏటి?

చలిదేశాల కన్నా మనకి నయమే, ఒప్పుకుంటాను. కానీ డీజిల్ ఇంజిన్ కాల్చిన దాంట్లో వృథాగా పోయే వేడి పెట్రోల్ ఇంజిన్ కన్నా తక్కువ, అందుకే మైలేజీ ఇస్తుంది, అందుకే నిదానంగానూ వేడెక్కుతుంది. మీటర్లో ముల్లు మధ్యకి వచ్చింది అంటే కూలెంట్ వేడెక్కింది అని అర్థం, ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది, దానికి ఇంచుమించు ఇంకో అంత దూరం కావాలి. ఎండాకాలం అయినా సరే రెండు కిలోమీటర్లకి ఆయిల్ పూర్తి వేడికి రాదు. డీపీఎఫ్‌కి కావాల్సింది వందల డిగ్రీలు, బయట 18 డిగ్రీలు ఉన్నా 38 ఉన్నా దానికి పెద్ద తేడా లేదు.

సెకండ్ హ్యాండ్‌లో తక్కువ కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి వస్తోంది, మంచి బేరమేనా?

తక్కువ కిలోమీటర్లు అని సంబరపడిపోకండి. నాలుగేళ్ళలో పద్నాలుగు వేలు తిరిగిన డీజిల్ కన్నా హైవే మీద డెబ్భై వేలు తిరిగిన డీజిల్ లోపల శుభ్రంగా ఉంటుంది, నేనైతే రెండోదే కొంటాను. చూడటానికి వెళ్ళినప్పుడు ముందే ఫోన్ చేసి బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి, చల్ల ఇంజిన్‌తోనే మీరు చూడాలి. డిప్ స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి ఆయిల్ లెవెల్ మ్యాక్స్ గీత దాటిందా, డీజిల్ వాసన వస్తోందా చూడండి. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల తెల్లగా ఏమైనా పట్టిందా చూడండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే డీపీఎఫ్‌లో మసి ఎంత ఉంది, ఆఖరి రీజెన్ (ఆ మసిని బండే కాల్చుకోవడం) అయ్యి ఎన్ని కిలోమీటర్లయింది చాలా బండ్లలో చెప్పేస్తుంది. వీటన్నిటికన్నా ముందు అమ్మే ఆయన్ని మామూలుగా కబుర్లలో పెట్టి బండి దేనికి వాడేవారండీ అని అడగండి, పిల్లల్ని దింపడానికేనండి అంటే ఆలోచించుకోండి.

## రోజూ తిప్పేటప్పుడు

చిన్న ట్రిప్పు అంటే ఎంత దూరం లెక్క?

దూరం కన్నా టైం లెక్క పెట్టుకోండి. స్టార్ట్ చేసిన దగ్గర నుంచి పదిహేను నిమిషాల లోపు ఆపేస్తే డీజిల్‌కి అది చిన్న ట్రిప్పే. విజయనగరంలో గంటస్తంభం దగ్గర నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా ట్రాఫిక్‌లో ఎంతసేపు పట్టినా అది కూడా చిన్న ట్రిప్పే, ఎందుకంటే ఇంజిన్ మీద లోడ్ లేదు. అదే శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వెళ్తే పర్వాలేదు, ఆయిల్ అయినా వేడెక్కుతుంది.

పొద్దున్న స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అలాగే ఉంచి తర్వాత తియ్యమంటారు మా మావయ్య, కరక్టేనా?

మావయ్యగారి కాలం లారీలకి, జీపులకి అది అలవాటు, ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్‌కి అక్కర్లేదు. నిలబెట్టి ఉంచితే డీజిల్ ఇంజిన్ అసలు వేడెక్కదు, చల్లగా ఉన్నంతసేపూ మసి ఎక్కువ కక్కుతుంది, సరిగ్గా కాలని డీజిల్ సిలిండర్ గోడలకి అంటి ఆయిల్లోకి దిగుతుంది. మీటర్లో కాయిల్ లైట్ (స్టార్ట్‌కి ముందు సిలిండర్లని వేడిచేసే కాయిల్స్ గుర్తు) ఆరాక స్టార్ట్ చెయ్యండి, సీట్ బెల్ట్ పెట్టుకునే అర నిమిషం ఆగండి, బయలుదేరిపోండి. ముల్లు లేచేదాకా 2000 ఆర్‌పీఎం దాటకుండా మెల్లగా నడపండి, అదే అసలైన వార్మప్.

స్కూల్ వదిలేదాకా గేటు దగ్గర ఏసీ వేసుకుని ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతాను, ఇబ్బందా?

బండికీ ఇబ్బందే, పిల్లలకి ఇంకా ఇబ్బంది. నిలబడి ఉన్న డీజిల్ ఇంజిన్ గంటకి అర లీటరు పైనే తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ, ఆ టైంలో సైలెన్సర్ చల్లబడి డీపీఎఫ్‌లో మసి కాలడం లేదు, చేరడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగని కేన్సర్ తెప్పించేవాటిలో మొదటి గ్రూపులో పెట్టింది. మూడు అడుగుల ఎత్తుండే పిల్లల ముక్కు సరిగ్గా సైలెన్సర్‌కి దగ్గరగా ఉంటుంది. ఇంజిన్ ఆపి అద్దాలు దించి వేపచెట్టు కింద పెట్టుకోండి.

షెడ్లోంచి తీసి బయట పెట్టి కడిగి మళ్ళీ లోపల పెడతాను, ఒక్క నిమిషమే కదా ఇంజిన్ తిరిగేది, దానికేటవుద్ది?

ఆ ఒక్క నిమిషమే అన్నిటికన్నా చెడ్డది. చల్ల ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ డీజిల్ పంపుతుంది, వేడి రాకముందే మీరు ఆపేస్తారు. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి, వేడి ఇంజిన్‌లో అయితే ఆ ఆవిరి బయటికి పోతుంది, చల్ల దాంట్లో సైలెన్సర్లోనూ ఆయిల్లోనూ నీళ్ళయి కూర్చుంటుంది. తప్పదనుకుంటే కడగాల్సిన రోజున ముందు ఒక అరగంట తిప్పుకొచ్చి అప్పుడు కడగండి, లేదా ఇద్దరు మనుషులు ఉంటే న్యూట్రల్‌లో తోసేయండి, చిన్న బండి అయితే సులువే. ఇద్దరు లేకపోతే, గేటు వాలుగా ఉంటే మాత్రం తోసే పని పెట్టుకోకండి.

ఆపేముందు టర్బో కోసం నిమిషం ఆగాలంటారు, టౌన్లో కూడానా?

టౌన్లో నెమ్మదిగా వచ్చి ఆపేటప్పుడు అక్కర్లేదు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఫ్యాన్ లాంటిది, అది లక్ష ఆర్‌పీఎం పైన తిరిగేది హైవే మీద లాగించినప్పుడు. నరసన్నపేట వైపు నుంచి స్పీడ్‌గా వచ్చి టీ కొట్టు దగ్గర ఆపితే అప్పుడు ముప్పై సెకన్ల నుంచి నిమిషం ఆగండి.

మైలేజీ ఇరవై వస్తాదన్నారు, నాకు పన్నెండే వస్తోంది, బండిలో లోపమా?

చాలావరకు లోపం కాదు, చల్ల ఇంజిన్ అంతే తాగుతుంది. నా బండి టౌన్లో పదకొండు పన్నెండు దాటదు, అదే బండి వైజాగ్ వెళ్తే పందొమ్మిది ఇస్తుంది. కాకపోతే ఉన్నట్టుండి ఇంకా పడిపోయి పికప్ కూడా తగ్గిందంటే రీజెన్ మాటిమాటికీ మొదలై మధ్యలో ఆగిపోతోందేమో అని అనుమానించండి, రీజెన్‌కి అదనంగా డీజిల్ పడుతుంది కాబట్టి.

## ఫిల్టర్, రీజెన్, లైటు

రీజెన్ అంటే ఏటి, అవుతున్నట్టు మనకెలా తెలుస్తాది?

డీపీఎఫ్‌లో చేరిన మసిని బండి తనంతట తనే కాల్చుకోవడమే రీజెన్. రెండు రకాలుగా అవుతుంది. హైవే మీద బాగా నడిచినప్పుడు ఆ వేడికే కొంచెం కొంచెం కాలిపోతూ ఉంటుంది, మనకి తెలియదు. అది చాలకపోతే మసి ఒక లెవెల్ దాటాక కంప్యూటర్ కావాలనే కాస్త ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ కొట్టించి సైలెన్సర్లో వేడిని 600 దాకా పెంచుతుంది. ఇది పూర్తవ్వడానికి పదిహేను ఇరవై నిమిషాలు ఒకే తీరుగా నడవాలి. గుర్తులు ఇవి: ఆగినప్పుడు ఆర్‌పీఎం మామూలు కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది, సైలెన్సర్ శబ్దం బరువుగా మారుతుంది, డిస్‌ప్లేలో అప్పటికప్పుడు చూపించే మైలేజీ పడిపోతుంది, ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, ఏదో కాలిన వాసన వస్తుంది. మా ఆవిడ మొదటిసారి ఆ వాసన చూసి బండి కాలిపోతోందని పిల్లాడిని పట్టుకుని కిందికి దిగిపోయింది, భయపడే వాసనే అది, నిజంగా.

రీజెన్ అవుతుండగా ఇంటికి వచ్చేశాను, ఆపేయొచ్చా?

ఒకటి రెండు సార్లు అయితే ఏమీ కాదు, మళ్ళీ తర్వాత మొదలుపెడుతుంది. కానీ వీలుంటే ఆపకండి, బైపాస్ ఎక్కి ఇంకో పది పదిహేను నిమిషాలు తిప్పుకు రండి. ప్రతిసారీ మధ్యలో ఆపేస్తే మసి కాలదు సరికదా, దానికోసం కొట్టిన డీజిల్ రింగుల పక్కనుంచి ఆయిల్లోకి దిగిపోతుంది. నా బండి చెడింది ఇలాగే, ఇల్లు స్కూలుకి 1.8 కిలోమీటర్లు, ఆఫీసుకి రెండున్నర, అది రీజెన్ మొదలుపెట్టిన ప్రతిసారీ నేను ఆపేశాను, ఆ ఫ్యాన్ ఎందుకు తిరుగుతోందో నాకెవరూ చెప్పలేదు.

డీపీఎఫ్ లైట్ వెలిగింది, ఇప్పుడేటి చెయ్యాలి?

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే లాగుతుంటే భయపడక్కర్లేదు, వెంటనే కదలండి, రేపు చూద్దాం అనుకోకండి. ముందు డీజిల్ చూసుకోండి, ట్యాంకు రిజర్వ్‌లో ఉంటే చాలా బండ్లు రీజెన్ మొదలుపెట్టవు. తర్వాత హైవే ఎక్కి 60 పైన, గేరు ఒకటి తగ్గించి ఆర్‌పీఎం 2000 నుంచి 2500 మధ్య ఉండేలా ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి, మీ మాన్యువల్లో వేరేగా రాసి ఉంటే అదే పాటించండి. శ్రీకాకుళం నుంచి మడపాం టోల్ ముందు దాకా వెళ్ళి తిరిగొస్తే సరిపోతుంది, టోల్ కట్టక్కర్లేదు.

లైటు మిణుకుమిణుకుమంటున్నా, దాంతోపాటు ఇంజిన్ లైటు కూడా వచ్చినా, బండి లాగకుండా 2500 దాటనంటున్నా, ఇంక హైవే ఎక్కించకండి. మసి మరీ ఎక్కువైపోయాక ఒకేసారి అంటుకుంటే లోపలి సెరామిక్ పగిలిపోతుంది. మెల్లగా స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళి ఫోర్స్డ్ రీజెన్, అంటే స్కానర్‌తో ఆదేశమిచ్చి మసిని బలవంతంగా కాల్పించడం, చేయించండి.

న్యూట్రల్లో పెట్టి గట్టిగా రేజ్ చేస్తే మసి కాలిపోదా?

కాలదు. లోడ్ లేకుండా ఎంత అరిపించినా సైలెన్సర్లో వేడి రాదు, మసి మాత్రం వస్తుంది. బరువు లాగినప్పుడే వేడి పుడుతుంది, అందుకే సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు అయిన శుభ్రం టౌన్లో నెలరోజులు తిప్పినా అవ్వదు. దిగేటప్పుడు మాత్రం ఇంజిన్‌కి డీజిలే వెళ్ళదు, ఫిల్టర్ చల్లబడిపోతుంది.

డీపీఎఫ్ మార్చేయాలి, లక్షన్నర అవుద్దన్నారు, నిజమేనా?

రేటు నిజమే కావొచ్చు, మార్చాల్సిన అవసరం మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నాకూ ఒక సర్వీస్ సెంటర్లో బండి లోపలికి పెట్టిన అరగంటకే మార్చాలని కాగితం రాసిచ్చారు, మసి శాతం ఎంతుంది అంటే చెప్పలేకపోయారు. నాకు చాలా బాధేసింది, ఎనిమిది వేలు కూడా తిరగని బండి అది. వేరే చోట ఒక కుర్రాడు స్కానర్ పెట్టి, ఫోర్స్డ్ రీజెన్ చేసి, ఆయిల్ మార్చి పంపాడు, అదే ఫిల్టర్ ఇప్పటికీ ఉంది. కాబట్టి మసి శాతం, ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా రీడింగ్ చూపించమని అడగండి. పొయ్యిలో బొగ్గు కాలిపోయాక బూడిద మిగిలినట్టు ఫిల్టర్లో కూడా ఏళ్ళ తరబడి బూడిద చేరుతుంది, అది రీజెన్‌తో పోదు, విప్పి మెషీన్ మీద క్లీన్ చేయించాలి, కానీ అది లక్ష కిలోమీటర్ల పైబడ్డ బండ్ల మాట. కారు కడిగే ప్రెషర్ పంపుతో ఫిల్టర్‌ని కడిగించకండి, లోపలి పూత పాడవుతుంది.

మా మెకానిక్ డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే గొడవ వదిలిపోద్దంటున్నాడు?

చేయించకండి. కంపెనీ తయారుచేసిన స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు, వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు పట్టుబడుతుంది. ఇంకో మాట, ఆ మసి మీ వీధిలోనే పడుతుంది.

నూర్పుల టైంలో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీంచి పోవాల్సి వస్తాది, ప్రమాదమా?

ప్రమాదమే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన పల్లె రోడ్ల మీద వరి పనలు, ఉలవలు, చోళ్ళు పరుస్తారు, బళ్ళు తొక్కితే నూర్పు అయిపోతుందని. ఆ ఎండుగడ్డి కారు కింద సైలెన్సర్‌కి చుట్టుకుంటుంది. రీజెన్ అవుతున్నప్పుడు డీపీఎఫ్ బయటి గోడ కూడా గడ్డి అంటుకునేంత వేడిగా ఉంటుంది. వీలైతే పక్కనుంచి పోండి, వీలుకాకపోతే దాటాక ఆపి వంగి కింద చూసి చుట్టుకున్నది కర్రతో లాగేయండి, చేత్తో ముట్టుకోకండి. కళ్ళంలో గడ్డి మీద మాత్రం ఎప్పుడూ పార్క్ చెయ్యకండి.

## ఇంటి దగ్గర వదిలేసిన బండి

అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, బండి ఇక్కడే ఉంది, రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తున్నాను, మంచిదేనా?

ఈ ప్రశ్న అడిగే పెద్దవాళ్ళందరికీ చేతులు జోడించి చెప్తున్నాను, దయచేసి ఆపేయండి. మా నాన్నగారు రెండేళ్ళు ఇదే చేశారు. పొద్దున్నే తులసికోటకి నీళ్ళు పోసి, చెంబు గట్టు మీద పెట్టి, షెడ్డు తలుపు తీసి బండి స్టార్ట్ చేసేవారు, గోడ గడియారం చూసి సరిగ్గా ఐదు నిమిషాలకి ఆపేవారు, ఒక్కరోజు మానలేదు. నేను పండక్కి వెళ్ళి ఆయిల్ మూత తిప్పితే లోపల మీగడలా తెల్లగా వేలెడు మందం పట్టి ఉంది, బ్యాటరీ రెండోది కూడా అయిపోవచ్చింది. ఐదు నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కదు, పుట్టిన తేమ బయటికి పోదు, ఆయిల్లో కలుస్తుంది. వాడిన కరెంటు బ్యాటరీకి పూర్తిగా తిరిగి చేరదు.

స్టార్ట్ చేస్తే రోడ్డెక్కండి, అరగంట తక్కువ కాకుండా నడపండి, వారానికో పది రోజులకో ఒకసారి చాలు. రోడ్డెక్కే ఓపిక లేకపోతే అసలు తాళమే తిప్పకండి, ఊరికే ఉన్న బండికి ఇంత నష్టం లేదు.

రెండు మూడు నెలలు ఊరెళ్తున్నాం, డీజిల్ బండి ఎలా వదలాలి?

వెళ్ళేముందు ఒక మంచి లాంగ్ రన్ వేసి, వేడి మీద ఉన్న బండిని తెచ్చి పెట్టండి. ట్యాంకు నిండా కొట్టించండి, మనది సముద్రపు గాలి, ట్యాంకు ఖాళీగా ఉంటే ఆ గాలిలో తేమ లోపల నీళ్ళయి అడుగున చేరుతుంది, ఆ నీళ్ళూ డీజిలూ కలిసిన చోట ఒకరకం పాచి పెరిగి డీజిల్ ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా గేర్లో పెట్టి చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టండి, లేకపోతే వెనక డ్రమ్ములు తుప్పుకి పట్టేస్తాయి. బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్ తీసేయండి. బానెట్ కింద ఎలకలు చేరకుండా షెడ్లో ధాన్యం, కొబ్బరికాయలు లాంటివి ఉంచకండి, వైరింగ్ కొరికితే దాని బిల్లు వేరే.

స్టార్ట్ చెయ్యకపోతే బ్యాటరీ దిగిపోదా మరి?

దిగుతుంది, కానీ ఐదు నిమిషాల స్టార్టింగ్ దానికి మందు కాదు. డీజిల్ ఇంజిన్ తిప్పడానికి స్టార్టర్ 200 ఆంపియర్ల పైన లాగుతుంది, దానికి ముందు కాయిల్స్ లాగుతాయి, తర్వాత ఫ్యాను, లైట్లు. నిజానికి స్టార్టర్ వాడేది రెండు సెకన్లే కాబట్టి అదొక్కటే అయితే త్వరగానే తిరిగి చేరుతుంది, కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండడానికి గంటలు పడుతుంది, ఎప్పుడూ సగం సగం ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. మల్టీమీటర్ పెడితే ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. గోడకి పెట్టుకునే చిన్న బ్యాటరీ ఛార్జర్ కొనుక్కోండి, ఒక బ్యాటరీ ఖరీదులో సగం కూడా ఉండదు.

తుపానప్పుడు కరెంటు లేక కారు స్టార్ట్ చేసి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నాం, అలా చెయ్యకూడదా?

చేసుకోండి, మనిషి అవసరం ముందు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అప్పుడు వీధికి ఒక కారే అందరికీ దిక్కు. కాకపోతే ఫోన్ ఫోన్‌కీ ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి. ఒక ఫోన్‌కి ఇరవై ఇరవై ఐదు వాట్ అవర్ల కన్నా పట్టదు, 60 ఏహెచ్ బ్యాటరీలో ఏడొందల పైన ఉంటాయి, అంటే మంచి బ్యాటరీ అయితే పది ఫోన్లకి ఇంజిన్ ఆపి ఇచ్చినా మూడో వంతే తగ్గుతుంది. అన్నీ అయ్యాక రోడ్లు తెరుచుకుంటే ఒకేసారి అరగంట తిప్పండి. మూసిన షెడ్లో మాత్రం ఇంజిన్ నడపకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

## ఆయిల్, సర్వీసు

డిప్ స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగింది, ఎవరైనా పోశారా?

ఎవరూ పోయలేదు, అది డీజిల్. మధ్యలో ఆగిన రీజెన్ల వల్ల డీజిల్ కిందికి దిగి ఆయిల్లో కలిసింది. ఒక చుక్క టిష్యూ కాగితం మీద వెయ్యండి, మధ్యలో నల్లటి మచ్చ, చుట్టూ దూరందాకా పలచగా పాకిన పసుపు రంగు వలయం కనిపిస్తే అనుమానం బలపడినట్టే, వాసన చూస్తే ఇంకా తెలుస్తుంది. పలచబడ్డ ఆయిల్ బేరింగ్లని, టర్బోని కాపాడలేదు. లెవెల్ మ్యాక్స్ గీత దాటిందంటే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేదాకా నడపకండి, మరీ ఎక్కువైతే ఆ ఆయిల్‌నే ఇంజిన్ లోపలికి పీల్చి తాళం తీసినా ఆగకుండా పరిగెత్తిన సందర్భాలు ఉంటాయి. నెలకోసారి చల్ల ఇంజిన్ మీద, సమంగా ఉన్న నేల మీద లెవెల్ చూడటం అలవాటు చేసుకోండి.

ఆయిల్ మూత కింద తెల్లగా పేరుకుంది, హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు?

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు, అది పోతే కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది, అందుకని ముందు కూలెంట్ లెవెల్ చూడండి. కూలెంట్ తగ్గకుండా ఉండి, డిప్ స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులోనే ఉంటే చాలావరకు అది తేమే, చిన్న ట్రిప్పుల బండి. తుడిచేసి రెండుసార్లు గంటేసి నడిపి చూడండి, మళ్ళీ పట్టకపోతే గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టు. కూలెంట్ తగ్గుతుంటే మాత్రం నడపకుండా చూపించండి.

ఆయిల్ పది వేలకి మార్చమని ఉంది, నేను ఏడాదికి మూడు వేలే తిరుగుతాను, మూడేళ్ళకి మార్చొచ్చా?

కుదరదు. పది వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. చిన్న ట్రిప్పులు ఎక్కువగా తిప్పడాన్ని కంపెనీల మాన్యువల్స్‌లో కఠినమైన వాడకం కింద లెక్క వేసి ఇంకా ముందే మార్చమంటారు. నేను ఆరు నెలలకి మార్చేస్తున్నాను, మీటర్ ఎంత చూపించినా సరే. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ ఉండే ఆయిల్ పొయ్యాలి, డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం ప్రమాణం) సీ2 గానీ సీ3 గానీ, మీ మాన్యువల్లో ఏది రాసి ఉంటే అది ఉందో లేదో చూసుకోండి. చౌకగా వచ్చిందని లారీ ఆయిల్ పోయిస్తే ఆ బూడిదంతా ఫిల్టర్లోకి పోతుంది.

బంకులో డీపీఎఫ్ క్లీనర్ బాటిల్ అమ్ముతున్నారు, పోస్తే చాలదా?

చాలదు. మసి కాలే వేడిని కొంచెం తగ్గించే మందులు ఉన్నాయి గానీ, రెండు కిలోమీటర్లు నడిచే బండిలో ఆ తక్కువ వేడి కూడా రాదు. ఆ డబ్బుతో డీజిల్ కొట్టించి గంట తిప్పండి.

మా బండికి యూరియా కూడా పొయ్యాలి, చిన్న ట్రిప్పులకి దానికేమైనా అవుద్దా?

అది పొలానికి వేసే యూరియా కాదు, పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి సైలెన్సర్ లైన్లో చల్లే ద్రవం, అందులో శుద్ధమైన యూరియా 32.5 శాతం, మిగతాది మలినాలు లేని నీరు, ఇంట్లో కలపకండి. సైలెన్సర్ చల్లగా ఉంటే అది సరిగ్గా విడిపోక తెల్లటి గడ్డలు కడుతుంది. డబ్బా ఎండలో పెట్టకండి, ఏడాదికి సరిపడా ఒకేసారి కొని దాచకండి, మన ఎండలకి పాడైపోతుంది. పూర్తిగా అయిపోతే కొన్ని బండ్లు స్టార్టే అవ్వవు, వార్నింగ్ వచ్చిన రోజే పోయించండి.

వారానికి ఒక లాంగ్ రన్ అంటున్నారు, పనిలేకుండా ఎక్కడికెళ్ళాలండీ?

పని పెట్టుకోండి. వారంలో చేసే చిన్న పనులన్నీ ఒక రోజుకి పెట్టుకుని, ముందు దూరం పని చూసుకుని వేడెక్కిన బండితో దగ్గర పనులు చేసుకుంటే ఆరు చల్ల స్టార్ట్‌లు ఒక్కటైపోతాయి. సంతకి, కూరలకి నడిచో స్కూటీ మీదో వెళ్ళండి. శ్రీకాకుళం నుంచి అయితే కళింగపట్నం బీచ్ వైపు కన్నా హైవే మీద టెక్కలి వైపు మంచిది, ఒకే స్పీడ్ దొరుకుతుంది. విజయనగరం నుంచి గజపతినగరం రోడ్డు బాగుంటుంది. నాన్నగారు ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అమ్మని ఎక్కించుకుని ఆ రోడ్డెక్కి, గజపతినగరంలో ఇడ్లీ తిని తిరిగొస్తున్నారు, మొన్న వెళ్ళినప్పుడు ఆయనే ఆయిల్ మూత తిప్పి గుడ్డతో తుడిచి చూపించారు, గుడ్డకి నల్లటి ఆయిల్ తప్ప ఏమీ అంటలేదు.